నాలుగింటికే పొద్దు గూకితే

డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో పగలు సుమారు 11 గంటలు. జూన్‌లో 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే కాబట్టి మన ఒంటికి అది పెద్దగా తెలియదు. అదే డిసెంబరులో షికాగోలో పగలు 9 గంటలు, సియాటెల్‌లో ఎనిమిదిన్నర గంటల లోపు. లండన్‌లో 8 గంటలు కూడా నిండదు. స్టాక్‌హోమ్‌లో 6 గంటలతో సరి. నార్వే ఉత్తరాన ఉన్న ట్రోమ్సోలోనైతే నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు దిగంతం పైకి రానే రాడు.

మనకు చలికాలమంటే ఏడాదిలో హాయైన కాలం. కొత్త ధాన్యం, చెరకు గడలు, రేగుపళ్లు, ధనుర్మాసం ముగ్గులు, ఆపైన సంక్రాంతి. ఎండకు భయపడి నీడకు పరుగెత్తేది మనం వేసవిలోనే. చలికాలంలో మనసు కుంగుతుందనే సంగతి మన ఇళ్లలో పెద్దలకు అనుభవంలో లేదు. అందుకే షికాగోలో ఎమ్మెస్ చదువుతున్న కొడుకు ‘ఏమీ చేయబుద్ధి కావట్లేదమ్మా’ అంటే, ‘సరిగా తింటున్నావా నాన్నా? నిద్ర పోతున్నావా?’ అని తల్లి అడుగుతుంది. అతను తింటూనే ఉన్నాడు, మామూలు కంటే ఎక్కువే. నిద్రా ఎక్కువే పోతున్నాడు. అతనికి తక్కువైంది పగటి వెలుగు.

చల్లటి దేశాల్లో ఉంటున్న మనవాళ్లు, ఇక్కడుండి వాళ్లతో రోజూ ఫోన్లో మాట్లాడే తల్లిదండ్రులు ఈ సంగతిని కాస్త వివరంగా తెలుసుకోవడం మంచిది.

ఒక విద్యార్థి రోజు

అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. దాంతో షికాగోలో సాయంత్రం నాలుగున్నర ప్రాంతానికే పొద్దు గూకుతుంది. డిసెంబరు మొదట్లో 4:20కే సూర్యాస్తమయం.

ఇప్పుడు మనవాడి రోజు చూడండి. క్లాసు పదకొండింటికి. పదింటికి లేస్తాడు. కిటికీలకు బ్లైండ్స్ దించే ఉంటాయి. బస్టాపులో పది నిమిషాలు నిలబడతాడు, అది కూడా టోపీ కళ్ల దాకా లాక్కుని. ఆపైన క్లాసు, ల్యాబు, లైబ్రరీ. బయటికొచ్చేసరికి చీకటి. పార్ట్‌టైమ్ పని ముగించుకుని అపార్ట్‌మెంటుకు చేరేది రాత్రి తొమ్మిదికి. ఆ రోజు వంట వంతు తనదైతే అదొకటి. రాత్రి పదింటికి ఇంటికి ఫోన్ చేస్తాడు. ఇక్కడ అప్పుడు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర, అమ్మానాన్నలు టిఫిన్ చేసి తీరిగ్గా ఉంటారు. మాటలయ్యాక ఫోన్లోనే ఓ సినిమా. పడుకునేది రెండింటికి.

ఆ రోజు మొత్తంలో అతని కంటికి తగిలిన పగటి వెలుగు పది నిమిషాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇదే వరస. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంటి నుంచే పనిచేస్తుంటే ఆ పది నిమిషాలు కూడా ఉండవు.

ఎవరు కనిపెట్టారు?

ఈ చలికాలపు కుంగుబాటును వైద్యశాస్త్రంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు కూడా ఎండ దేశం నుంచి వలస వచ్చినవాడే. పేరు నార్మన్ రోసెంతాల్. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో పెరిగి, మానసిక వైద్యంలో శిక్షణ కోసం 1976లో న్యూయార్క్ చేరాడు. చలికాలం రాగానే తనలో సత్తువ సన్నగిల్లడం, వసంతం రాగానే తిరిగి పుంజుకోవడం గమనించాడు. తర్వాత అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య పరిశోధన సంస్థలో చేరాడు.

అదే సమయంలో హెర్బ్ కెర్న్ అనే ఇంజినీరు ఆ సంస్థ తలుపు తట్టాడు. ఆయన తన మనసు తీరును ఏళ్ల తరబడి చిన్న చిన్న పుస్తకాల్లో రాసిపెట్టుకున్నాడు. ఏటా ఒకే కాలంలో కుంగిపోవడం, ఒకే కాలంలో తేరుకోవడం ఆ రాతల్లో స్పష్టంగా ఉంది. అప్పటికే, 1980లో, ఆల్ఫ్రెడ్ లూయీ బృందం ఒక సంగతి తేల్చింది: గట్టి వెలుగు పడితే మనిషి శరీరంలో మెలటోనిన్ అనే హార్మోన్ తయారీ ఆగుతుంది. ఈ రెండింటినీ కలిపి ఆలోచించిన వైద్యులు కెర్న్‌ను చలికాలంలో ఉదయం, సాయంత్రం గట్టి దీపాల ముందు కూర్చోబెట్టారు. కొద్ది రోజుల్లోనే ఆయన తేరుకున్నాడు. 1984లో రోసెంతాల్ బృందం 29 మంది రోగుల వివరాలతో ఒక పరిశోధన పత్రం ప్రచురించి, ఈ స్థితికి సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టింది. మనం రుతువుతో వచ్చే కుంగుబాటు అనుకోవచ్చు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం లెక్క ప్రకారం ఆ దేశంలో పెద్దవాళ్లలో సుమారు 5% మందికి ఇది ఉంటుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. అంత తీవ్రం కాకపోయినా చలికాలంలో కాస్త డీలా పడేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. ఈ సమస్య నిజంగా అంత విస్తృతమా అని సందేహించిన పరిశోధకులూ ఉన్నారు. 2016లో అచ్చయిన ఒక అధ్యయనం 34 వేల మందికి పైగా అమెరికన్ల జవాబులను పరిశీలించి, జనాభా మొత్తం మీద చూస్తే రుతువుకూ కుంగుబాటుకూ లంకె కనబడలేదని చెప్పింది. అంటే చలికాలం అందర్నీ కుంగదీయదు. దక్షిణాన డాలస్‌లో ఉన్న అన్నకు లేని బాధ ఉత్తరాన మినియాపొలిస్‌లో ఉన్న తమ్ముడికి ఉండొచ్చు, అతని రూమ్మేటుకు లేకపోవచ్చు. ఏటా అదే నెలల్లో అదే తీరు తనలో కనిపించేవాడు మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఒంట్లో జరిగేది

మన మెదడులో ఒక గడియారం ఉంది. దాని రోజు సరిగ్గా 24 గంటలు కాదు, సగటున కొన్ని నిమిషాలు ఎక్కువ. పాత గోడ గడియారానికి రోజూ కీ ఇచ్చి ముల్లు సరిదిద్దినట్టు దీన్నీ రోజూ సరిదిద్దాలి. ఆ పని చేసేది ఉదయపు వెలుగు. కంటి రెటీనాలో కొన్ని ప్రత్యేక కణాలున్నాయి. బొమ్మను చూపించడం వాటి అసలు పని కాదు, బయట ఎంత వెలుగుందో మెదడు గడియారానికి కబురు పెట్టడమే వాటి పని. 2002లో డేవిడ్ బెర్సన్ బృందం ఈ కణాల పనితీరును బయటపెట్టింది.

ఉదయం ఆ కబురు అందకపోతే గడియారం వెనకబడుతుంది. రాత్రిని తెలిపే మెలటోనిన్ పొద్దున ఆలస్యంగా తగ్గుతుంది. లేచి తిరుగుతున్నా ఒళ్లు ఇంకా రాత్రిలోనే ఉన్నట్టుంటుంది. మనసును నిలకడగా ఉంచడంలో పాలుపంచుకునే సెరటోనిన్ తీరు కూడా చలికాలంలో మారుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. వీటిలో దేని వాటా ఎంతన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. వెలుగుకు ఇందులో పెద్ద పాత్ర ఉందన్నది మాత్రం చికిత్సలోనే రుజువైంది.

మామూలు కుంగుబాటులో చాలామందికి నిద్ర పట్టదు, ఆకలి చస్తుంది. ఈ చలికాలపు కుంగుబాటులో తరచూ దానికి ఎదురు. ఎంత పడుకున్నా తీరని నిద్ర, అన్నం, బ్రెడ్డు, స్వీట్ల మీదికి మనసు పోవడం, బరువు పెరగడం, నలుగురిలోకి వెళ్లబుద్ధి కాకపోవడం. బయటివాళ్లకు ఇదంతా బద్ధకంలాగే కనబడుతుంది. అందుకే తిట్లు పడతాయి. తిట్లు తిన్నవాడు ఇంకా ముడుచుకుపోతాడు.

వెలుగును కొలిస్తే

వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఎండ దాదాపు లక్ష లక్స్. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వేల లక్స్ ఉంటుంది. ట్యూబ్‌లైట్లు వెలిగే ఆఫీసులో 300 నుంచి 500. రాత్రి ఇంటి హాల్లో వందా రెండొందలు. మన కన్ను చీకటికీ వెలుగుకూ ఇట్టే సర్దుకుంటుంది కనుక ఈ తేడా మనకు తెలియదు. లైట్లన్నీ వేసుకుని కూర్చుంటే చాలు కదా అనుకుంటాం. మబ్బు రోజున గుమ్మం దాటి బయట నిలబడినా గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు కంటికి అందుతుంది. ఈ వ్యాసంలో గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒక్కటే అయితే అది ఇదే.

వెలుగు విలువ తెలిసిన ఊరు నార్వేలో ఒకటుంది. రుకాన్ అనే ఆ చిన్న పట్టణం లోతైన లోయలో ఉంటుంది. సెప్టెంబరు నుంచి మార్చి దాకా కొండలు అడ్డొచ్చి నేరుగా ఎండ పడదు. జనం కొండెక్కి కాసేపు ఎండలో నిలబడి రావడానికి 1928లో అక్కడి ఒక కంపెనీ కేబుల్ కారు కట్టించింది. 2013లో ఊరివాళ్లు కొండ మీద మూడు పెద్ద అద్దాలు బిగించారు. సూర్యుడు కదిలే కొద్దీ అవి కంప్యూటరు సాయంతో తిరుగుతూ ఊరి నడిబొడ్డున కూడలిలోకి ఎండను మళ్లిస్తాయి. జనం అక్కడికి వచ్చి ముఖాలెత్తి నిలబడతారు.

ముందుగా చేయాల్సింది

రోజూ ఒకే వేళకు లేవండి. సెలవు రోజున కూడా. లేచిన గంటలోపు అరగంట బయట నడవండి. మబ్బు పట్టినా సరే. నడక వ్యాయామమూ అవుతుంది. కుంగుబాటుకు వ్యాయామం పనిచేస్తుందన్నది బాగా నిలబడ్డ సంగతి. మంచు గడ్డకట్టిన బాటల మీద జారి పడకుండా పట్టున్న బూట్లు, పొరలు పొరలుగా బట్టలు వేసుకోవాలి. బాగా చలి కోత పెట్టే రోజున కిటికీ బ్లైండ్స్ పూర్తిగా ఎత్తి, గాజుకు దగ్గరగా కుర్చీ వేసుకుని కాఫీ తాగండి. బయటంత కాకపోయినా గది మూల కంటే మేలు. మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసులోంచి ఓ పావుగంట బయటికి వెళ్లొస్తే అదీ లెక్కే.

రాత్రి ఇంటికి ఫోన్ చేసే వేళను కాస్త ముందుకు జరపండి. షికాగోలో రాత్రి ఎనిమిదంటే ఇక్కడ ఉదయం ఏడున్నర. తల్లిదండ్రులు లేచే ఉంటారు. అర్ధరాత్రి దాకా ఫోన్ తెర చూస్తే గడియారం ఇంకా వెనక్కి జరుగుతుంది, ఉదయం లేవడం ఇంకా కష్టమవుతుంది.

లైట్ బాక్స్ సంగతి

బయటి వెలుగు దొరకనివాళ్ల కోసం వచ్చిన సాధనం లైట్ బాక్స్. పలకలాంటి దీపం, 10,000 లక్స్ తెల్లటి వెలుగు ఇస్తుంది. ఉదయం లేవగానే 20 నుంచి 30 నిమిషాలు దాని ముందు కూర్చోవాలి. దీపం వైపు కన్నార్పకుండా చూడక్కర్లేదు. కళ్లు తెరిచి, టిఫిన్ చేస్తూనో చదువుకుంటూనో ఉంటే చాలు. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. సాయంత్రం పొద్దుపోయాక పెట్టుకుంటే నిద్ర చెడుతుంది.

కొనేటప్పుడు రెండు సంగతులు చూడాలి. 10,000 లక్స్ అన్నది ఎంత దూరంలో కూర్చుంటే అందుతుంది? కొన్ని చిన్న దీపాలకు ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుంటే గానీ అంత రాదు. అతినీలలోహిత కిరణాలను వడకట్టే ఏర్పాటు ఉందా? అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఈ దీపాలను రుతు కుంగుబాటు చికిత్సగా ఆమోదించలేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యసేవ వీటిని సాధారణంగా ఇవ్వదు. కాబట్టి పెట్టె మీద రాతలను నమ్మి తొందరపడకూడదు.

కొందరు వైద్యుణ్ని అడగకుండా వాడనే కూడదు. బైపోలార్ సమస్య ఉన్నవాళ్లకు ఈ వెలుగు ఉద్రేకం వైపు తోయగలదు. రెటీనా జబ్బులున్నవాళ్లు, ముఖ్యంగా షుగరు వల్ల కళ్లు దెబ్బతిన్నవాళ్లు, వెలుగు సోకితే చర్మం కందేలా చేసే మందులు వాడుతున్నవాళ్లు ముందు అడిగి తీరాలి. మనలో షుగరున్నవాళ్లు తక్కువేమీ కాదు కనుక ఈ మాట ఒత్తి చెప్పాల్సి వస్తోంది.

మనుషులు, మాటలు, తిండి

వెలుగు ఒక్కటే మందు కాదని చూపించిన పరిశోధన వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో జరిగింది. కెల్లీ రోహన్ బృందం 177 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు లైట్ థెరపీ, ఇంకో గుంపుకు ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే కౌన్సెలింగ్. ఆరు వారాల తర్వాత రెండు గుంపులూ దాదాపు సమానంగా తేరుకున్నాయి. రెండు చలికాలాలు గడిచాక చూస్తే, లైట్ థెరపీ తీసుకున్నవాళ్లలో సుమారు 46% మందికి కుంగుబాటు తిరగబెట్టింది. కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో 27% మందికే. దీపాన్ని ఏటా రోజూ వెలిగించాలి. నేర్చుకున్న అలవాటు మనతోనే ఉంటుంది.

ఆ కౌన్సెలింగ్‌లో నేర్పేవాటిలో ఒకటి ఎవరైనా పాటించొచ్చు: మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకూడదు. పని ముందు, మనసు వెనక. వారానికి రెండు రోజులు ఇండోర్ బ్యాడ్మింటన్ అని నలుగురితో కలిసి ముందే డబ్బు కట్టేయండి. శనివారం వంట నలుగురూ ఒక ఇంట్లో చేసుకోండి. డిసెంబరు మధ్యలో సెమిస్టర్ ముగిసి క్యాంపస్ ఖాళీ అవుతుంది. మనవాళ్లలో ఇంటికి రాలేనివాళ్లు అపార్ట్‌మెంట్లలో మిగిలిపోతారు. ఆ మూడు నాలుగు వారాలకు ఏం చేయాలో నవంబరులోనే రాసిపెట్టుకోండి.

మన ఊళ్లో ధనుర్మాసంలో తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెడతారు. పక్కింటావిడా అదే వేళకు బయట ఉంటుంది. రెండు మాటలు నడుస్తాయి. ఇందులో దాగిన సైన్సు వెతకనక్కర్లేదు. చలి పొద్దున మనిషి గుమ్మం దాటుతున్నాడు, ఒళ్లు వంచుతున్నాడు, ఇంకో మనిషిని పలకరిస్తున్నాడు. మంచు దేశంలో వాకిట్లో ముగ్గు నిలవదు గానీ ఈ మూడింటికీ వేరే దారులు చూసుకోవచ్చు. గుళ్లలో ధనుర్మాసం పూజలుంటాయి, తెలుగు సంఘాలు జనవరిలో స్కూలు ఆడిటోరియాల్లో సంక్రాంతి చేస్తాయి. పిలుపు కోసం ఆగక కుర్చీలు సర్దే పనికైనా పేరు ఇవ్వండి.

తిండి విషయంలో అతి చేయనక్కర్లేదు. ఉదయం పెసరట్టో గుడ్డో కడుపులో పడితే పదకొండింటికి డోనట్ మీదికి మనసు పోవడం కొంత తగ్గుతుంది. మద్యం ఆ పూటకు ఊరటగా అనిపించినా నిద్రనూ మనసునూ మర్నాటికి ఇంకా దించుతుంది. విటమిన్ డి మాత్రలు కుంగుబాటును పోగొడతాయనడానికి ఆధారం బలహీనం. అయితే చల్లటి దేశాల్లోని ఉత్తరపు ఊళ్లలో చలికాలపు ఎండకు చర్మంలో ఆ విటమిన్ దాదాపు తయారు కాదు, కిటికీ గాజు గుండా వచ్చే ఎండకూ కాదు. కాబట్టి రక్తపరీక్ష చేయించుకుని, లోపముంటే ఎముకల కోసం వేసుకోండి.

ఇక్కడి తల్లిదండ్రులకు

‘అంత ఖర్చు పెట్టి పంపితే పడుకుంటున్నావా?’ అనే మాట ఈ నాలుగు నెలలూ నోట రానీయకండి. ‘ఇవాళ బయటికెళ్లావా? ఎండ వచ్చిందా? ఎవరితో కలిసి తిన్నావు?’ అని అడగండి. వీలైతే నడుస్తూ ఫోన్ చేయమనండి. పిల్లలు ఫోన్ ఎత్తడం తగ్గించినా, వీడియోలో ముఖం చూపించకపోయినా, పరీక్షలు రాయలేదని ఆలస్యంగా తెలిసినా గట్టిగా నిలదీసేకంటే అక్కడున్న స్నేహితుణ్ని ఒకసారి గది దాకా వెళ్లి చూడమనండి.

వైద్యుడి దగ్గరికి ఎప్పుడు?

రెండు వారాలు దాటి దిగులు వదలకపోతే, పనికో చదువుకో అడ్డొస్తుంటే సొంత వైద్యం ఆపి వైద్యుణ్ని కలవాలి. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి కనుక పరీక్షలు అవసరం. మందులు పనిచేస్తాయి. కెనడాలో 96 మంది మీద జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో లైట్ థెరపీ, ఫ్లూక్సెటీన్ మాత్ర రెండూ సమానంగా పనిచేశాయి. ఏటా తిరగబెట్టేవాళ్లకు చలికాలం మొదలుకాక ముందే ఇచ్చేందుకు బ్యుప్రోపియాన్ మందును అమెరికా అదే ఏడాది ఆమోదించింది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల కోసం కౌన్సెలింగ్ కేంద్రాలుంటాయి. ఇంగ్లండ్‌లో మాటల చికిత్స కోసం డాక్టరు చీటీ లేకుండా నేరుగా పేరు నమోదు చేసుకోవచ్చు. వీటిని వాడుకుంటే వీసా పోతుందేమోనని భయపడి ఆగిపోకండి. కౌన్సెలింగ్‌లో మాటలు సాధారణంగా గోప్యంగా ఉంటాయి.

చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. అమెరికా, కెనడాల్లో 988, బ్రిటన్‌లో 116 123, భారతదేశంలో టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ జబ్బుకు ఒక సౌలభ్యం ఉంది. అది చెప్పి వస్తుంది. ఏ నెలలో వస్తుందో, ఏ నెలలో పోతుందో ముందే తెలుసు. కాబట్టి నవంబరులో పడ్డాక లేవడం కంటే సెప్టెంబరులోనే సిద్ధమవడం తేలిక. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లకు చలికాలం జూన్‌లో కనుక వాళ్లు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. పొద్దున లేచే వేళ, నడిచే దారి, తోడొచ్చే మనిషి పేరు, అవసరమైతే కలవాల్సిన వైద్యుడి నంబరు ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటించుకోండి. మీ రూమ్మేటుకూ ఒక కాపీ ఇవ్వండి.